గాలి తియ్యి అంటే

మూతకు పదకొండు రోజుల ముందు

తలుపు తియ్యి అంటే తెరుచుకోవాలి. లైటు తియ్యి అంటే ఆరిపోవాలి. మరి గాలి తియ్యి అంటే ఏం కావాలి?

ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. అడిగినవాడూ నాతోనే ఉన్నాడు, పెళ్ళి చేసుకున్నాను కాబట్టి.

అప్పుడు నాకు పాతికేళ్ళు. తెలుగు ఎమ్మే పూర్తి చేసి కాలనీ పదాల కమిటీలో కొత్తగా చేరాను. అప్పటికి ఇళ్ళన్నీ నోటిమాటతో నడిచేవి. నాపరాయి గనుల్లో తొలిచిన ఇళ్ళు కదా, ఒక ఇంట్లో అన్న మాట నాలుగిళ్ళలో మోగేది. ఒకరోజు తెర మీద క్రికెట్టు వ్యాఖ్యాత "వెయ్యి పరుగులు పూర్తి!" అని అరిచేసరికి మూడో గనివీధిలో లైట్లన్నీ వెలిగి, తలుపులన్నీ మూసుకుపోయాయి. ఆ దెబ్బతో మాటలు వద్దు, బొత్తాలే నయమన్నారు. బొత్తాల మీద ఏం రాయాలో తేల్చడానికి మా కమిటీ కూర్చుంది. ఆన్, ఆఫ్ వద్దన్నది నేను. కోస్తా నుంచి వచ్చిన సభ్యుడు "కట్టు" అని పెడదామంటే, "దేనితో సార్, తాడుతోనా?" అని అందరినీ నవ్వించింది కూడా నేనే. "వెయ్యి", "తియ్యి". ఆ రెండూ నా మాటలు.

గని కార్మికుల తరఫున వచ్చిన ఒకడు చివరి వరసలో లేచి నిలబడ్డాడు.

"మేము గనిలో గాలి తియ్ అని అరిస్తే గొట్టం రెక్క తెరుస్తారు మేడమ్. మీ బొత్తాం ప్రకారం గాలి తియ్యి అంటే మిషనే ఆగిపోతాది. ఇంతకీ గాలి తియ్యి అంటే ఏంది?"

అందరూ నవ్వారు. "సందర్భాన్ని బట్టి తెలుస్తుందండీ" అన్నాను నేను. అతని పేరు మద్దిలేటి. పెళ్ళయ్యాక కూడా, కోపమొచ్చినప్పుడల్లా నన్ను మేడమ్ అనేవాడు.

ఇదంతా ఇవాళ ఎందుకు తవ్వుకుంటున్నానంటే, మా ఇంటి రిమోటు చచ్చిపోయింది.

ఎనిమిదేళ్ళు పనిచేసింది. పాలిథిన్ కవరులో పెట్టి రబ్బరు బ్యాండు వేసి కాపాడుకున్నా, రాతిపొడి ఎలా దూరిందో దూరింది. అరచేతిలో రెండు దెబ్బలు వేశాను. బ్యాటరీలు తీసి కొరికి మళ్ళీ పెట్టాను. లాభం లేదు. మంచం మీదినుంచి మద్దిలేటి నన్నే చూస్తున్నాడు. గోడ తెర మీద ఎవరో సముద్రంలో ఈత కొడుతున్నారు. పొద్దున్నుంచీ అదే ఈత.

వేరే ఇంట్లో అయితే ఇది చిన్న సంగతి. మా ఇంట్లో మద్దిలేటి నోరు ఆ రిమోటే. ముప్పై ఏళ్ళు మింగిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. పోయినేడు గొంతుకు ఆపరేషన్ చేసి గొట్టం పెట్టారు. గాలి పెట్టె ఊపిరి పోస్తుంది, మాట మాత్రం పోయింది. కుడిచేతిలో రెండు వేళ్ళు, బొటనవేలు ఆడతాయి. అక్షరాల పలక తెచ్చి పెట్టాం. ఒక గుణింతం దాటేలోపు వేలు వణికి పక్క అక్షరం మీద పడేది. రెండోరోజు దాన్ని గోడకేసి కొట్టాడు. ఆ తర్వాత తెరతో మాట్లాడటం తనే కనిపెట్టాడు. వంటల కార్యక్రమం పెడితే ఆకలి. వాతావరణం పెడితే దుప్పటి కప్పమని. సౌండు తీసేస్తే, ఇక మాట్లాడకని. కుస్తీ పోటీలు పెడితే నా మీద కోపం. అతను కుస్తీలు చాలానే చూస్తాడు.

మూతకు తొమ్మిది రోజుల ముందు

ఖాసింబీ దుకాణానికి వెళ్ళాను. పైతలుపు దగ్గరుంటుంది. పై ఎండ మెట్ల దాకా దిగి వచ్చేసింది, గోడ ముట్టుకుంటే కాలుతోంది. ఇంకో తొమ్మిది రోజులకు తలుపు మూస్తే మళ్ళీ ఏడు నెలలకు గానీ తెరవరు. ఈలోపు ఏది కొనాలన్నా ఇక్కడే కొనాలి. రిమోట్లయితే ఇంటికి ఒక్కటే ఇస్తారు.

"అన్న ఎట్లుండాడక్కా?" అంది ఖాసింబీ.

"అట్లనే ఉన్నాడు. రిమోటు పోయింది."

"రిమోటు పోతే అన్నకు నోరు పోయినట్లే కదక్కా" అంటూ బల్ల మీద రెండు రకాలు పెట్టింది.

మొదటిది సన్నగా, తెల్లగా, చేతిలో పెడితే బరువే తెలియకుండా ఉంది. తెరకు, సౌండుకు మాత్రమే పనిచేస్తుంది. రెండోది నల్లది, ఇటుక ముక్కంత ఉంది, రబ్బరు తొడుగుతో. ఇంట్లో ఉన్న యంత్రాలన్నీ దానికి లొంగుతాయట.

"దీన్ని మేము మొండిది అంటామక్కా. చూడు" అని దాన్ని నేలకేసి కొట్టింది. నాపరాయి బండ మీద అది ఒక్క ఎగురు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. ఏమీ కాలేదు. తర్వాత రాతిపొడి డబ్బాలో ముంచి, నీళ్ళ కింద పెట్టి కడిగి, ఎదురుగా ఉన్న తెర వేసి చూపించింది. తెల్లదాన్ని కూడా అలా పడేసి చూపించమన్నాను.

"దాన్ని పడేస్తే నువ్వే కొనల్ల" అని నవ్వింది. "అబద్ధమెందుకు? పాతవాటి మాదిరి కాదు, ఇది రెండు నెలలక్కా. పొడి దూరిందంటే అయిపాయె. ఆ గంప చూడు."

మూల గంపలో పోయిన మూతకాలంలో చచ్చిన తెల్ల రిమోట్లు ఉన్నాయి. అక్షరాలు అరిగిపోయాయి. ఒకదాని మీద "తి" మాత్రమే మిగిలింది. నల్లదాని మీద అక్షరాలు అచ్చుపోసి ఉన్నాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. వెయ్యి. తియ్యి. పెంచు. తగ్గించు. నా మాటలు నా వేలికి తగిలితే, సిగ్గు లేకుండా సంతోషం వేసింది.

"అన్ని యంత్రాలూ అంటే గాలి పెట్టె కూడానా?"

"అన్నీ అంటే అన్నీ. గాలి వద్దంటే తీసేస్తా. అట్ల తీసేసేకి ఇంటి పెద్ద బొటనవేలు ముద్ర కావల్ల. మీ ఇంటి పెద్ద అన్నే కదా. ఇప్పుడు ఏది జత చేస్తే ఏడు నెలలూ అదే. మూతకాలమంతా జతచేసే మిషను పైన దుకాణంలోనే ఉండల్ల, రూలు."

ఏమీ కొనకుండా వచ్చేశాను. గాలి తీసేయించాలన్నా అతని ముద్రే కావాలి, అంటే గట్టిది కావాలంటే అతని ఊపిరిని అతని బొటనవేలి కింద పెట్టాలి. అది వద్దంటే రెండు నెలల తర్వాత ఐదు నెలలు అతన్ని నోరులేనివాడిని చేయాలి. ఇలాంటి ఎంపికను ఒక దుకాణం బల్ల మీద పరిచి పెడతారని నాకు ఎవరూ చెప్పలేదు.

మూతకు ఆరు రోజుల ముందు

ఇవాళ నీళ్ళ వరసలో నుంచి వచ్చేసరికి మద్దిలేటి పెదాలు నల్లబడి ఉన్నాయి. వీధి పెద్దపంకా పొద్దున కాసేపు ఆగిందట. గాలి పెంచే మర మంచానికి జానెడు దూరంలో ఉంది. అతని చేయి ఆ జానెడు దాటలేదు. నెలలో ఇది రెండోసారి.

సాయంత్రం కావేరి డ్యూటీ నుంచి వచ్చింది. మా అమ్మాయి. పంతొమ్మిదేళ్ళు, నీళ్ళ శాఖలో పని. సంగతి చెప్పగానే సంచి కింద పడేసింది.

"నల్లది తెమ్మని మూడు రోజులుగా చెప్తాండా కదమ్మా. గాలి నాన్న చేతిలో ఉంటే ఇట్లయ్యేదా?"

"చేతిలో ఉంటే ఇంకోటి కూడా అవుతుంది."

కావేరి వంగి సంచి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "నాన్న అట్ల చేసేటోడు కాదు" అంది.

"నీకెలా తెలుసు?"

"నీకెట్ల తెలుసు, చేస్తాడని?"

నా అనుమానానికి ఆధారమంటూ ఒకటే ఉంది: అతని జాగాలో నేనుంటే చేసేదాన్ని. అది కూతురితో అనే మాట కాదు.

"నీకు కసిమ్మా" అంది కావేరి. "ఇరవై ఏళ్ళు నాన్న రిమోటు నీకియ్యలేదని కసి. ఇప్పుడు దొరికింది కాబట్టి పట్టుకున్నావు."

ఈ మాటను తోసేయాలని చూశాను. పోలేదు. నిజమే, ఇరవై ఏళ్ళలో నాకు నచ్చిన కార్యక్రమం ఒక్కటీ చివరిదాకా చూడలేదు. ఎండిపోయిన నదుల మీద ఒకటి వచ్చేది. తుంగభద్ర వంతు వచ్చినరోజు సరిగ్గా కుస్తీ పెట్టాడు. "నీళ్ళు లేని నదిని చూసి ఏం చేస్తావు మేడమ్" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా. ఈ ఇంట్లో నేను నవ్విన నవ్వుల్లో నావి ఎన్నో లెక్కతీస్తే బాగుండదు.

మూతకు మూడు రోజుల ముందు

అతన్నే అడిగాను. మంచం పక్కన కూర్చుని, చదువుకున్నదాన్ని కదా, రెండు వైపులా చెప్పి అడిగాను. తెల్లదయితే ఇలా, నల్లదయితే ఇలా. గాలి దానిలో ఉండాలా?

తల ఊపాడు. ఒక్కసారి, గట్టిగా.

"ఎందుకని?" అన్నాను. తలతో చెప్పగలిగే జవాబు కాదని అడిగాక తెలిసింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

మూతకు రెండు రోజుల ముందు

నల్లది కొన్నాను. ఖాసింబీ తన మిషను సంచిలో వేసుకుని ఇంటికే వచ్చింది. తెర, సౌండు, లైట్లు, తలుపు, పొయ్యి వరసగా జత చేసింది. మద్దిలేటి ప్రతిదానికీ బొటనవేలు పెట్టి చూసి, కొత్త పెళ్ళికొడుకులా ముఖం పెట్టాడు. వంటింట్లో లైటు ఆర్పి, వేసి, ఆర్పి, నేను కేకేసేదాకా ఊరుకోలేదు. అతను నవ్వితే గొట్టంలో ఈల వస్తుంది. చాలా రోజులకు విన్నాను ఆ ఈల.

గాలి పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఖాసింబీ ఆగింది.

"దీనికి తియ్యి అంటే ఏం చెయ్యల్లక్కా?"

"అంటే?"

"పుస్తకంలో మోటారు ఆగల్ల అని ఉంది. అయితే గని వాళ్ళ ఇండ్లల్లో నేను తిరగేసి పెడ్తాండా. తియ్యి నొక్కితే రెక్క ఇంకా తెరుచుకుంటాది, అంతే. వాళ్ళకు గాలి తియ్ అంటే అదే కదా. ముసలోళ్ళు పొరపాటున నొక్కినా ప్రాణం పోదు. ఆపేకి గోడ మీద మర ఉండనే ఉంది."

ఆ పుస్తకం రాసింది మా కమిటీ. మోటారు ఉన్న యంత్రాలన్నిటికీ వెయ్యి అంటే నడపడం, తియ్యి అంటే ఆపడం. నాలుగో పేజీ, నా వాక్యం. ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం పెడితే ఇక మాటకు విలువేముంది? ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఇదే చెప్పాను.

"పుస్తకంలో ఉన్నట్టే పెట్టు" అన్నాను. "గాలి ఎక్కువ కావాలంటే పెంచు అని వేరే ఉంది కదా."

"నీ ఇష్టమక్కా" అంది ఖాసింబీ. మద్దిలేటి వైపు ఒకసారి చూసింది. అతను నా వైపు చూస్తున్నాడు. కోపంగా చూశాడని చెప్పలేను. నోరుండి ఉంటే మేడమ్ అనేవాడేమో.

ఆమె వెళ్ళాక అతని వేలు పట్టుకుని చూపించాను. ముందు గాలి గుర్తు నొక్కాలి, చాలకపోతే ఇది, పెంచు. ఇది తియ్యి. గాలి మీద ఉండగా ఇది నొక్కితే ఆగిపోతుంది, అప్పుడు దీని జోలికి పోకు. తల ఊపాడు. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఊపాడు.

మూత, ఒకటో రోజు

పైతలుపు పడింది. ఆ చప్పుడు వీధి చివరిదాకా వచ్చింది. పక్కింటివాళ్ళు ఏటా లాగే బెల్లం పంచారు. కావేరి వాళ్ళ నాన్నకు నాలుక మీద రాసింది. అతను తెర మీద పైలోకపు పొద్దు పెట్టాడు. ముగ్గురం దాని వెలుతురులో కూర్చున్నాం.

మూత, ఇరవై రెండో రోజు

మొండిదానికి ఇంతవరకు ఏమీ కాలేదు. పదిసార్లయినా కింద పడింది. ఒకసారి గంజిలో పడితే కడిగి ఇచ్చాను. ఎవరైనా అడిగితే ఇదే కొనమంటాను. బొత్తాల మధ్య సందు లేదు, పొడి చేరదు. అక్షరాలు అరగవు. రోజుకోసారి దీపం కింద పెడితే చార్జి అదే అవుతుంది. చేయి వణికేవాళ్ళకు బొత్తాలు పెద్దవి కావడం మంచిది.

మద్దిలేటి మునుపటి మద్దిలేటి అయ్యాడు. నేను ఆలస్యం చేస్తే వంటింట్లో లైటు ఆరిపోతుంది. ఫోనులో ఎక్కువసేపు మాట్లాడితే సౌండు పెరుగుతుంది. రాత్రి గాలి చాలకపోతే తనే పెంచుకుంటున్నాడు. నేను లేవడం లేదు. ఏడాది తర్వాత తెల్లవారేదాకా నిద్రపోయాను. కావేరి చూపుల్లో "చెప్పలేదా?" అని ఉంది. చెప్పింది. ఒప్పుకున్నాను.

ఒకరోజు ఎందుకో నదుల కార్యక్రమం పెట్టాడు. నేను గిన్నెలు వదిలేసి వచ్చి కూర్చున్నాను. చివరిదాకా ఉంచాడు. నాకోసం పెట్టాడా, వేలు జారి పడిందా అని అడగలేదు.

మూత, నలభై ఏడో రోజు

ఇవాళే రాస్తాను. రేపటికి కొంత మరిచిపోతాను, కొంత కల్పించుకుంటాను.

పొద్దున పోట్లాడాను. గొట్టం చుట్టూ శుభ్రం చేస్తుంటే తల అటు తిప్పేసుకున్నాడు. మళ్ళీ తిప్పాను, మళ్ళీ తిప్పేసుకున్నాడు. "నీకు ఊపిరి పోసీ పోసీ నాకు ఊపిరాడటం లేదు" అన్నాను. నిజమే అన్నాను. అతను కుస్తీ పెట్టలేదు. తెర తీసేశాడు. గోడ నల్లగా అయిపోయింది. అలా ఎప్పుడూ చేయలేదు.

మధ్యాహ్నం మూడింటికి వీధి పెద్దపంకా మళ్ళీ ఆగింది. అందరి ఇళ్ళలో గాలి బరువెక్కింది. నాకు కూడా ఆయాసం వచ్చింది. కావేరి డ్యూటీలో ఉంది. మద్దిలేటి అప్పటికి తెర వేసి వంటలు పెట్టాడు. ఆకలన్నమాట. కోపం పోయిందనుకున్నాను. జొన్న సంకటి కలపడం మొదలుపెట్టాను. తెర మీద ఎవరో పోపు వేస్తున్నారు. కాసేపటికి ఆ సౌండు పోయింది. తర్వాత గాలి పెట్టె హోరు ఆగింది.

ఏడాదిగా నా చెవుల్లో ఉన్న హోరు అది. ఆగితే ఇల్లు ఎంత పెద్దదో తెలిసింది.

పొయ్యి తీసేశాను. చేతులకు సంకటి అంటుకుంది, కడుక్కున్నాను. గిన్నె మీద మూత పెట్టాను. వెళ్ళాను.

కళ్ళు తెరిచే ఉన్నాడు. పెదాలు నల్లగా ఉన్నాయి. రిమోటు చేతిలో ఉంది, బొటనవేలు తియ్యి మీద ఉంది. వేలి కిందినుంచి లాగి వెయ్యి నొక్కాను. హోరు మొదలైంది. ఛాతీ లేచింది, పడింది. అతను నన్నే చూశాడు. నాకు తెలిసిన చూపుల్లో అది లేదు.

మూత, నలభై ఎనిమిదో రోజు

కావేరి వెళ్ళి ఖాసింబీని తీసుకొచ్చింది. మూతకాలంలో ఆమె రెండో గనివీధిలో అక్క ఇంట్లో ఉంటుంది. జత మార్చే మిషను పైన దుకాణంలో ఉండిపోయింది, ఎండకు అక్కడ నిలబడలేరు. రిమోటులో ఏ బొత్తాం ఎప్పుడు నొక్కారో చూసే చిన్న పలక మాత్రం ఆమె దగ్గరుంది. వంటింట్లో కూర్చుని చదివింది.

"మూడూ పది. సౌండు, తియ్యి. మూడూ పదకొండు. గాలి, పెంచు. మల్ల పెంచు. మల్ల పెంచు. అక్కడికి నిండిపోయింది, ఇంక పెరగదు. మూడూ పన్నెండు. గాలి, తియ్యి. ఒకసారి."

"చూస్తివా?" అంది కావేరి. "మూడుసార్లు పెంచినాడు. గాలి కావల్లనే నొక్కినాడు. చాలకపోయేసరికి గనిలో మాదిరి తియ్యి నొక్కినాడు. ముప్పై ఏళ్ళు గాలి తియ్, గాలి తియ్ అని అరిచినోడు, ఊపిరాడనప్పుడు నీ పుస్తకం గుర్తొస్తాదా?"

ఆ లెక్క సరిగ్గానే ఉంది. ఇంకో లెక్క కూడా సరిగ్గానే ఉంది. సౌండు తీసేశాడు, అంటే ఇక మాట్లాడకని. మూడుసార్లు ప్రయత్నించాడు. ఇక చాలనుకున్నాడు. పొద్దున నేనన్న మాట కావేరికి చెప్పలేదు. ఆ మాట కలిపితే రెండో లెక్కే బలంగా కనిపిస్తుంది. వంటల కార్యక్రమం కలిపితే మొదటిది. సందర్భాన్ని బట్టి తెలుస్తుందని పాతికేళ్ళ వయసులో ఎంత ధైర్యంగా అన్నాను! ఇప్పుడు సందర్భం మొత్తం నా ముందుంది, నిమిషాలతో సహా. ఏమీ తెలియడం లేదు.

తిరగేసి పెడతానన్న సంగతి ఖాసింబీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెతో పోట్లాడి కాస్త తేలికపడేదాన్ని.

"ఇంకోటి ఉందక్కా" అని పలక వైపే చూస్తూ అంది. "తియ్యికి, నువ్వు మల్ల వెయ్యి నొక్కినదానికి నడుమ యాభై రెండు సెకండ్లు."

వంటింటి నుంచి మంచానికి పది అడుగులు. కావేరి తల తిప్పి గది వైపు చూసింది, తర్వాత నా వైపు. ఆ దూరాన్ని కొలుస్తోందని తెలుసు.

"పొయ్యి ఆపి వచ్చాను" అన్నాను.

"సరేమ్మా."

"చేతులు కడుక్కున్నాను."

"సరే అంటి కదా."

గిన్నె మీద మూత పెట్టిన సంగతి చెప్పలేకపోయాను. పొయ్యి ఆపకపోతే ఇల్లు కాలిపోయేదనవచ్చు. సంకటి చేతులతో బొత్తాలు నొక్కలేననవచ్చు. మూత ఎందుకు పెట్టానో చెప్పడానికి మాట దొరకడం లేదు. అలవాటు అనుకుంటున్నాను. చేతులు తెలియకుండా చేసే పని అనుకుంటున్నాను. అతని బొటనవేలి గురించి కూడా సరిగ్గా ఇదే అనుకోవాలని చూస్తున్నాను.

మూత, యాభై మూడో రోజు

ఐదు రోజులుగా రిమోటు నా దగ్గరే ఉంది. నేను పక్కన కూర్చున్నప్పుడు ఇస్తాను. లేచేటప్పుడు తీసుకుంటాను. తీసుకునేటప్పుడు అతను పట్టు బిగించడు. అదే భరించలేకపోతున్నాను. ఇరవై ఏళ్ళు ఎవరికీ ఇవ్వని మనిషి, వేళ్ళు వదులు చేసి ఇచ్చేస్తున్నాడు. నేను లేనప్పుడు తెర ఎక్కడ ఆగితే అక్కడే ఉంటుంది. ఆకలేస్తోందో, చలేస్తోందో, నేను ఊహించుకుని చేస్తున్నాను. నిన్న ఎండలో నడిచే ఒంటెలు మూడు గంటలు నడిచాయి.

గాలి తక్కువైతే చూసుకోవడానికి రాత్రిళ్ళు మళ్ళీ లేస్తున్నాను. రెండుసార్లు లేచేసరికి ఆలస్యమైంది, అతని పెదాలు నల్లబడ్డాయి.

కావేరి ఇవాళ డ్యూటీకి పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"నాన్నను అడగమ్మా. తల ఊపుతాడు కదా. గాలి కోసం నొక్కినావా అని అడుగు. అంతే కదా."

"నువ్వడుగు."

"నేనడిగితే నాకోసం అబద్ధం చెప్తాడు. నీకైతే చెప్పడు. నిన్ను ఏనాడూ మెప్పించల్ల అనుకోలేదు కదా ఆయన." అన్నాక దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళిపోయింది.

నిజమే, అడగడానికి ఒక్క నిమిషం చాలు. గాలి కోసమని తల ఊపితే, ఒక మాట విలువ కాపాడటానికి నా మొగుడి ప్రాణం పణం పెట్టానన్నమాట. ఖాసింబీ తిరగేస్తానంటే వద్దన్నది నేనే. కాదని తల అడ్డంగా ఊపితే, ఆ పొద్దున నా నోటి నుంచి వచ్చిన మాట అతను విన్నాడన్నమాట. అప్పుడు రిమోటు దాచి, ఇంకో ఐదు నెలలు, ఆ తర్వాత ఇంకెన్నేళ్ళో, వద్దన్న ఊపిరిని అతనిలోకి పోస్తూ ఉండాలి. లేదా చేతికిచ్చి నీళ్ళ వరసకు వెళ్ళాలి. అడగకపోతే ఈ రెండూ కాదు. అడగకపోవడం అతని కోసమా, నా కోసమా అన్నదాన్ని ఎటు తిప్పి చూసినా నా వైపే వచ్చి ఆగుతోంది.

ఈ లోపల అతను కూడా నన్ను ఒకటి అడగవచ్చు. ఆ యాభై రెండు సెకండ్లూ అతను కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. వంటింట్లో నేను చేతులు కడిగిన నీళ్ళ చప్పుడు వినిపించే ఉంటుంది.

ఇది రాస్తుంటే రిమోటు నా ఒడిలో ఉంది. మద్దిలేటి మేలుకునే ఉన్నాడు. కుడిచేయి మంచం అంచున పెట్టి అరచేయి తెరిచాడు. ఇమ్మని అడుగుతున్నాడో, ఊరికే అలా పెట్టాడో. నీళ్ళ వరసకు పోవలసిన వేళ అయింది, బిందె గుమ్మంలో ఉంది. చేతిలో పెట్టి వెళ్ళాలా, అడిగి పెట్టాలా, పెట్టకుండా వెళ్ళాలా? ఇంతసేపూ రాసింది అది తేలుతుందనే. తేలలేదు. నాకు తెలియడం లేదు.